చిన్నాయన నేసిన యుద్ధవిమానం

మొన్న వానలు తగ్గాక బీరువాలోని బట్టలన్నీ డాబా మీద ఎండకు వేస్తుంటే, అడుగు నుంచి ఒక చాదర్ బయటపడింది. పక్కింటికి కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు పిట్టగోడ మీదుగా తొంగిచూసి, “ఆంటీ, చేప డిజైన్ మస్తుంది. ఏడ కొన్నరు?” అంది. నాకు నవ్వు ఆగలేదు. అది చేప కాదు, మిగ్ విమానం. నేసింది మా నాన్న తమ్ముడు, మా చిన్నాయన. ఆయన ఆ సమయంలో మా డాబా మీద లేకపోవడం ఆ పిల్ల అదృష్టం. ఉండి ఉంటే ముక్కు ఎక్కడో, రెక్క ఎక్కడో, తోక ఎందుకు అలా ఉండాలో చెప్పి, ఆ పిల్ల పొయ్యి మీద పెట్టొచ్చిన కూర మాడిపోయేదాకా వదిలేవాడు కాదు.

చిన్నాయనకు మా మరాఠీ ఊళ్ళోని జోడ్‌భావి పేట్‌లో రెండు సాంచలున్నాయి. మరమగ్గాన్ని మేం సాంచ అనే అంటాం. డెబ్బై దాటినా రోజూ వాటి మధ్యే నిలబడి చాదర్లు నేస్తాడు. జీవితంలో ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. కానీ పదేళ్ళ వయసులో, మిద్దె మీద నూలు ఆరేస్తుండగా ఒక మిగ్ యుద్ధవిమానం తల మీదుగా ఉరుముతూ పోయిందట. ఆ చప్పుడు ఆయన చెవుల్లోంచి మళ్ళీ బయటికి రాలేదు. పెళ్ళయిన కొత్తలో చిన్నమ్మను సరదాగా పుణె తీసుకెళ్ళి, తోటలూ దుకాణాలూ వదిలేసి, విమానాలు దిగేచోట కంచె బయట ఎండలో సాయంత్రందాకా నిలబెట్టాడు. “పట్టుచీర కట్టుకొని పోయిన. ముళ్ళతీగెలు చూసుకొని అచ్చిన” అని చిన్నమ్మ ఇప్పటికీ బీడీలు చుడుతూ అందరికీ చెబుతుంది.

పోయిన ఏడు ఆ మిగ్ విమానాలను సేవ నుంచి తప్పించారని టీవీలో చూపించిన రోజు, చిన్నాయన పట్టపగలు రెండు సాంచలూ ఆపేశాడు. మా గల్లీలో సాంచల చప్పుడు ఎవరికీ వినబడదు, ఆగితేనే వినబడుతుంది. ఎదురింటావిడ ఒళ్ళో బీడీ ఆకుల చాట పెట్టుకున్నదల్లా అలాగే లేచి వచ్చింది.

“ఎవలు పోయిన్రే?” అంది గాభరాగా.

“విమానం పోయింది” అంది చిన్నమ్మ.

“అయ్యో! ఎవల మీద పడ్డది?”

“ఎవల మీద పడలే. రిటైరయింది.”

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, “మరి పింఛన్ అస్తదా?” అని అడిగింది.

చిన్నాయన మాత్రం నవ్వలేదు. “అగో ఆ సాంచ నాకంటె పెద్దది. నడుస్తలేదా? బోల్టు పోతే బోల్టు ఏస్తున్న, పట్టా తెగితే పట్టా మారుస్తున్న. గట్లనే ఇంజిన్ కొత్తది పెట్టి నడపమను” అన్నాడు. మర్నాడే ఢిల్లీకి అర్జీ రాయించాడు. రాసింది నేనే. బళ్ళో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన అన్న కూతురు అదే గల్లీలో ఉండగా ఆయన ఇంకొకరి దగ్గరికెందుకు వెళతాడు? విమానాలను తిరిగి సేవలోకి తీసుకోవాలన్నది అర్జీ సారాంశం. దాన్ని పట్టుకుని అశోక్ చౌక్‌లో చాయ్ బండి దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళందరి చేతా సహీలు, అంటే సంతకాలు, పెట్టించాడు. ఒకాయన అది మున్సిపాలిటీ నల్లా నీళ్ళ గురించనుకుని, “పొద్దుగాల ఒక్కపారి అస్తే ఏం సాల్తది, రోజుకు రెండుపార్లు రావాలె” అని రాసి మరీ సహీ చేశాడు.

ఒట్టి కాగితం చెత్తబుట్టలో పడుతుందని, దానికి తోడుగా విమానం బొమ్మ ఉన్న చాదర్ నేస్తానని చిన్నాయన పట్టుబట్టాడు. గళ్ళ కాగితం మీద బొమ్మ గీసి, సాంచ మీద బొమ్మలు దించే జకార్డుకు చిల్లుల అట్టలు కొట్టించి, మూడు వారాలు కుస్తీ పట్టాడు. మా చాదర్ల నూలు లావు. అందులో సన్నటి ముక్కు చేప మూతి అయింది, రెక్కలు ఈత రెక్కలయ్యాయి, తోక తోకలాగే ఉన్నా తప్పు తోకయింది. చిన్నమ్మ చాదర్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, “పులుసుకు పనికస్తది” అంది. ఆ మొదటిదే నాకు దక్కింది. రెండోది కొంచెం మెరుగు. చేపే, కానీ ఎగిరే చేప.

ఇంతలో మా పాత బడిలో బహుమతుల సభకు ఒక రిటైరైన పైలట్ ముఖ్య అతిథిగా వస్తున్నాడని తెలిసింది. మిగ్ నడిపినవాడే. నేను మాట్లాడి చిన్నాయన చేత ఆయనకు చాదర్ కప్పించే ఏర్పాటు చేశాను. వేదిక మీద చిన్నాయన ఆ రెండో చాదర్ కప్పబోయాడు. ఆ పెద్దమనిషి కప్పించుకోకుండా చాదర్‌ను రెండు చేతులతో విప్పి చూశాడు. ఈయన కూడా చేప అంటాడేమో అనుకున్నాను. ఆయన ముఖం మాత్రం వెలిగిపోయింది. “అరే, మాఝీ మిగ్!” అన్నాడు, నా మిగ్ అని. చిన్నాయన సభలో మొదటి వరసలో కూర్చున్న చిన్నమ్మ వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను.

సభ అయ్యాక చాయ్ తాగేచోట చిన్నాయన అర్జీ చూపించి, మీరు కూడా ఒక సహీ పెట్టాలని అడిగాడు. ఆయన ఓపిగ్గా మొత్తం చదివాడు, నల్లా సంగతితో సహా. తర్వాత మరాఠీలో మెల్లగా అన్నాడు. “నన్ను ఇవాళ పిలిస్తే ఈ చాయ్ కూడా వదిలేసి పోయి ఎక్కుతాను. కానీ మా అబ్బాయిని మాత్రం ఎక్కనివ్వను. నాతో చేరినవాళ్ళలో ముగ్గురు అందులో వెళ్ళి తిరిగి రాలేదు.” సహీ చేయకుండానే కాగితం మడిచి, రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

ఇంటికొచ్చి చిన్నాయన అర్జీని అలమారలో పెట్టేశాడు. రెండు రోజులు సాంచలు నడిచాయి గానీ ఆయన మనసు నడవలేదు. మూడో రోజు నేనూ వాళ్ళింట్లోనే ఉన్నాను. ఆయన అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంటే చిన్నమ్మకు ఇక ఓపిక పోయింది. “మార్కండేయుని రథం రోజు తీస్తమా? ఏడాదికి ఒక్కపారి తీస్తం. ఊరంత చూస్తది, మొక్కుతది, మల్ల లోపట పెడ్తం. ఆ విమానాన్ని గూడ గట్లనే తియ్యమని రాయున్రి. కొట్లాటకు వద్దు, పిల్లలకు వద్దు. గా ముసలి సారు అసొంటోల్లే పట్టపగలు ఒక్క చుట్టు తిప్పి దింపుతరు” అంది.

చిన్నాయన ముద్ద చేతిలో పట్టుకుని ఆమెనే చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, “బిడ్డా, కాయితం పట్టు” అన్నాడు. పాత అర్జీ చింపేసి కొత్తది రాశాం. సహీల కోసం మళ్ళీ చౌక్‌కు వెళ్ళాం. ఈసారి మొదటి సహీ చిన్నమ్మది. ఢిల్లీ నుంచి జవాబు ఇంతవరకూ రాలేదు, వస్తుందని నాకు నమ్మకమూ లేదు. కానీ ఆ రోజు ఆ కాగితం మీద “ఏడాదికొక్కసారి చాలు” అని రాస్తుంటే నాకు అనిపించింది: ఆ మాట మనస్ఫూర్తిగా అనడానికి మనిషికి డెబ్బై ఏళ్ళు పడుతుంది కాబోలు, అంతకుముందు మనకు ఇష్టమైనవన్నీ రోజూ కావాలి.