పిలిస్తే పలికే డ్రమ్ము

మండపేటలోని మా చర్చిలో, పట్టపగలు, నిండు సంఘం ముందు నేనొక దెయ్యానికి సర్టిఫికెట్ ఇచ్చాను. అదీ మైకులో. మైకు అందించింది పాస్టర్ గారే గాని, పరువు తీసుకున్నది మాత్రం పూర్తిగా నా స్వశక్తి. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే మధ్యలో ఒకటి రెండు చోట్ల మీకూ వెన్ను చల్లబడుతుంది. అక్కడ కాస్త ఆగి నవ్వండి.

మాది చిన్న చర్చి. డ్రమ్ములు కావలసింది క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి, ఏడాదిలో మూడో నాలుగో పెళ్ళిళ్ళకి. ఆ మాత్రానికి కరెంటు అక్కర్లేని మామూలు డ్రమ్ సెట్టు ఒకటి తక్కువలో కొందామని మా ఆడవాళ్ళ పాటల బృందం పట్టు. సంఘ పెద్ద దేవసహాయం గారు రెండేళ్ళు ఒప్పుకోలేదు. ఈస్టర్‌కి నెల ముందు మెత్తబడి, "సరేనమ్మా. ఒక్క ఫిర్యాదు వచ్చిందా, డ్రమ్ములన్న మాట ఈ చర్చిలో మళ్ళీ వినపడకూడదు" అన్నారు.

"పూచీ నాదండి" అన్నాను. అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు. పూచీలు ధారాళంగా పడేదాన్ని.

రాజమండ్రిలో కొట్టాయన అడిగాడు, "ఎవరు వాయిస్తారండి?"

"మా మరదలు. పరీక్షలయ్యాక వస్తుంది."

"హాలు ఎంత ఉంటదండి?"

"ముందు మీరు చూపించండి. నాకు తెలుసు" అన్నాను. డ్రమ్ము డ్రమ్ముకీ చెవి ఆనించి, వేలితో కొట్టి, కొబ్బరికాయలో నీళ్ళు చూసినట్టు చూశాను.

ఆయనకి జాలేసింది. "ఎప్పుడో ఒకసారి వాయించేదానికి కొత్తది ఎందుకండి? పాతదైనా చెక్క పగలకుండా, మరలు సరిగ్గా బిగుస్తుంటే చాలు. పైతోళ్ళు మార్చుకోవచ్చు. మా వీధిలోనే ఒకావిడ అమ్ముతానంటున్నారు, చూడండి."

ఆవిడ పేరు కరుణమ్మ గారు. భర్త రత్నం గారు పెళ్ళిళ్ళ బ్యాండులో డ్రమ్ములు వాయించేవారట, కిందటేడు పోయారు. సెట్టు మీద తెల్ల దుప్పటి కప్పి ఉంది, సరిగ్గా ఒక మనిషి కూర్చున్నంత ఎత్తున. దుప్పటి తీయడానికి నేను రెండుసార్లు చెయ్యి చాపాల్సి వచ్చింది. కింద అంతా నిక్షేపంగా ఉంది.

"ఈ చిన్న డ్రమ్ముందే, స్నేర్ అంటారు" అన్నారావిడ బొంగురు గొంతుతో. "ఇది పలుకుద్దండి. ఆయన్ని తలుచుకుని నేనేదైనా అంటే పలుకుద్ది. అందుకని మీరు దీన్ని..."

"తెలుసండి, నాకు తెలుసు" అని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. దుఃఖంలో ఉన్న మనిషిని మాట పూర్తి చెయ్యనివ్వకపోవడమే ఓదార్పు అనుకున్నాను. డబ్బులిచ్చి, ఆటో కోసం గుమ్మం దాటుతుంటే ఆవిడ వెనక ఏదో గొణిగారు. వెంటనే ఝర్రుమని చిన్న చప్పుడు, ఇసుక మీద ఎవరో కాలు ఈడ్చినట్టు. తిరిగి చూస్తే ఆవిడ డ్రమ్ముకి బారెడు దూరంలో, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

బుధవారం మధ్యాహ్నం చర్చిలో ఒక్కదాన్నే సెట్టు బిగించి కూర్చున్నాను. దేవసహాయం గారు వచ్చారు. ఆయనది నూతిలోంచి వచ్చే బొంగురు గొంతు.

"ఇదేనా అమ్మా?"

ఝర్ర్‌ర్.

"ఎందుకు కొట్టావు?"

"నేను కొట్టలేదండి. నా చేతులు ఇవిగో."

"మరెవరు?"

ఝర్ర్‌ర్.

నేను మాట్లాడితే డ్రమ్ము మౌనం. ఆయన నోరు విప్పితే జవాబు. ఫ్యాన్లు తిరగడం లేదు, కిటికీ రెక్క కదలడం లేదు. నా మెడ మీద వెంట్రుకలు మాత్రం ప్రార్థనకి లేచినట్టు లేచాయి.

"ఎవరిదమ్మా ఇది?"

"రాజమండ్రి రత్నం గారిదండి. పోయారు."

ఆయన బెంచీ మీద కూలబడ్డారు. "బ్యాండు రత్నమా? ఒక పెళ్ళికి వస్తే మన గేటు దగ్గరే ఆపేశానమ్మా. డ్రమ్ములతో లోపలికి రావద్దన్నాను. పెళ్ళయ్యేదాకా ఎండలోనే నిలబడ్డాడు." మాట మాటకీ డ్రమ్ము ఝర్రుమంటూనే ఉంది, అవును అవును అన్నట్టు.

ఆదివారం ఆయన ప్రార్థన మొదలుపెట్టి "ప్రభువా" అన్నారు. ఝర్ర్‌ర్. సంఘమంతా కళ్ళు తెరిచేసింది. పాస్టర్ గారు మైకు నా చేతికిచ్చి, "టీచర్ గారూ, కారణం ఏంటో మీరు చెప్పండి" అన్నారు.

చెప్పాను. "పదేళ్ళుగా పాఠాలు చెబుతున్నదాన్ని. డ్రమ్ముని అన్ని వైపులా పరీక్షించాను. ఎవరూ తాకకుండా వస్తువు మోగడానికి సైన్సులో కారణం లేదండి. ఇది రత్నం గారే!"

డ్రమ్ము చుట్టూ మూడు వరుసలు ఒక్క నిమిషంలో ఖాళీ అయ్యాయి. మా బృందంలో వాళ్ళెవరూ నాతో మాట్లాడలేదు. రెండేళ్ళు పోరాడి తెచ్చుకున్న డ్రమ్ములు ఈస్టర్ చూడకుండానే వెళ్ళిపోతున్నాయి, అదీ నా పూచీ మీద.

"తిరిగి ఇచ్చేద్దాం టీచరమ్మా. ఆవిణ్ణి క్షమించమని కూడా అడగాలి" అన్నారు దేవసహాయం గారు. కబురు పెడితే కరుణమ్మ గారు బస్సెక్కి వచ్చారు. ఆయన కళ్ళనీళ్ళతో గేటు సంగతంతా చెప్పారు. డ్రమ్ము యథాప్రకారం వంత పాడింది.

"మా ఆయన అప్పుడే చెప్పారండి నాకు" అన్నారు ఆవిడ. "మీరు గేటు దగ్గరికి మజ్జిగ పంపించారంట కదా. అదీ చెప్పారు. అది సరే గాని, దీన్ని ఇలా వదిలేశారేంటండి?"

వంగి, డ్రమ్ము పక్కనున్న చిన్న మీటని టక్కున కిందికి దించారు. "ఇప్పుడు మాట్లాడండి."

దేవసహాయం గారు మాట్లాడారు, దగ్గారు, చివరికి పాట కూడా అందుకున్నారు. డ్రమ్ము నోరెత్తలేదు.

"అడుగున తీగలున్నాయి కదండి" అన్నారు ఆవిడ. "వాయించనప్పుడు మీట దించెయ్యాలి. లేకపోతే బొంగురు గొంతు ఎవరిది తగిలినా వణుకుతాయి. ఆ రోజు అదే చెప్పబోతే, మేడం గారు తెలుసు తెలుసన్నారు."

ఆ తీగల్ని నేనూ చూశాను. అలంకారం అనుకున్నాను. ఒకటి పలికితే తాకకుండానే రెండోది వణికే ఆ పాఠాన్ని అనునాదం అంటారు. ఏటేటా రెండు శృతిదండాలు పట్టుకుని తరగతికి వెళ్ళి, అది రాయలేని పిల్లలకి మార్కులు కోసేది ఎవరనుకున్నారు? నేనే.

"ఇంతకీ మేడం గారూ, స్కూల్లో మీరు ఏం చెబుతారండి?"

"తెలుగండి" అన్నాను. చర్చిలో నిలబడి.

దేవసహాయం గారు గోడ వైపు తిరిగిపోయారు. భుజాలు మాత్రం ఊగాయి.

కరుణమ్మ గారు వెళ్ళబోతూ ఆగారు. "ఒక్కసారి మీట ఎత్తనా అండి?" ఎత్తి, డ్రమ్ము మీదికి వంగి, నెమ్మదిగా "ఏవండీ" అన్నారు.

ఝర్ర్‌ర్.

ఈసారి కారణం నాకు తెలుసు. అయినా అరచేతులు చల్లబడ్డాయి, ఏడుపు కూడా వచ్చింది.

డ్రమ్ములు చర్చిలోనే ఉన్నాయి, ఈస్టర్‌కి మా మరదలు ఇరగదీసింది. కాబట్టి సంఘం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా తెలుసు అనను. మైకు ఇచ్చినా దెయ్యాలకి పూచీ పడను. మీట దించకుండా చర్చికి తాళం వెయ్యను, నెలకోసారి కరుణమ్మ గారు వచ్చే రోజు తప్ప. ఆ రోజు మీట ఎత్తి, తలుపు దగ్గరికి వేసి, మేం బయట ఉంటాం. నేను వసారాలో. దేవసహాయం గారు గేటు దగ్గర, ఎండలో.