గుండీల అంగడికి ఎదురుగా గోవిందస్వామి

సౌకార్‌పేటలో గోవిందస్వామి అంగడిలో లేని వస్తువు లేదు. సూది, దారం, తాళంకప్ప, లాంతరు గ్లాసు, చీపురు, ఏదడిగినా కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపి తీసిచ్చేవాడు. అలాంటి మనిషికి పంతొమ్మిదివందల యాభైరెండులో మనశ్శాంతి పోయింది. ఎదురుగా బాలకృష్ణన్ అనేవాడు బీరువా అంత వెడల్పున అంగడి పెట్టాడు. అందులో గుండీలు తప్ప ఇంకేమీ లేవు.

మొదట పగలబడి నవ్వాడు గోవిందస్వామి. ఆర్నెల్లకు ఆ నవ్వు ఆగిపోయింది. తన దగ్గర అణా దారం కొన్నవాళ్లే, "అయ్యా, ఆ గుండీల అంగడి యాడ?" అని తననే దారి అడుగుతుంటే నవ్వెలా వస్తుంది?

"చూసినావా పుష్పా! గుండీ అడిగితే, చాకలికేస్తారా, ఇంట్లో ఉతుకుతారా అంటాడంట వాడు. గుండీ అమ్మతా ఉండాడా, పెండ్లి సంబంధం చూస్తా ఉండాడా?"

"నువ్వు ఎవుర్నన్నా ఏమన్నా అడిగితే కదా!" అనేది భార్య పుష్పవల్లి.

ఆ పూట కూరలో ఉప్పెక్కువైందనేవాడు.

టైలరు ఆదిమూలం మాత్రం పాత వాడిక, గోవిందస్వామి అంగడి తప్ప ఇంకోటి ఎరగడు. పెళ్లి బ్యాండువాళ్లకు ఇరవై తెల్లకోట్లు ఒప్పుకొని, దారం తీసుకొని, మెల్లగా ఎదురంగడి వైపు తిరిగాడు. గోవిందస్వామి కూర్చున్నచోటి నుంచి లేచాడు. ఈ మనిషీ ఆ గడప తొక్కితే ఇంక తన పరువేం కాను?

"ఆడికెందుకబ్బా? గుండీలు నేనిస్తా. వాడి గుండీల కంటే తెల్లంగా ఉంటాయి."

ఎక్కడి నుంచో తెచ్చి ఇచ్చాడు కూడా. నిజంగానే మల్లెమొగ్గల్లా ఉన్నాయి.

కుట్టిన కోట్లను గంజి పెట్టే ముందు చాకలి ఉబ్బలో వేసి ఉడికించాడు. ఆ ఆవిరికి సెల్యులాయిడ్ గుండీలన్నీ కాల్చిన అప్పడాల్లా వంకర్లు పోయాయి.

ఆదిమూలం ఒక కోటు తెచ్చి ముందర పడేశాడు. "ఎల్లుండి ముహూర్తమన్నా! చాకలికి పోతాయని నేను చెప్పలా, నువ్వు అడగలా."

గోవిందస్వామి కోటు పట్టుకొని వీధి దాటాడు. ఆ అంగడి పెట్టిన మూడేళ్లలో అదే మొదటిసారి.

"రాండన్నా, కూర్చోండి," అని బాలకృష్ణన్ వంకర గుండీని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. "చాకలికా అన్నా?"

"ఆమా, చాకలికే," అన్నాడు గోవిందస్వామి నేల చూస్తూ.

నూట ఇరవై ముత్యపుచిప్ప గుండీలు పొట్లం కట్టి, పైన ఇంకో నాలుగు వేశాడతను. "పగిలితే ఉంటాయి. ఎదురుబొదురు వాళ్లం కదా!"

అతను ఎత్తిపొడిచినా గోవిందస్వామికి బాగుండేది. ఆదిమూలం కోట్లు గట్టెక్కాయి. అప్పటి నుంచి దారం ఇక్కడ, గుండీలు అక్కడ, దాపరికం లేకుండా కొనేవాడు. ఆ నాలుగు గుండీలు మాత్రం గోవిందస్వామి ఎవరికీ ఇవ్వలేదు, అమ్మలేదు. లాంతరు గ్లాసుల వెనక దాచి, రోజుకోసారి తీసి చూసి కుమిలేవాడు.

ఆ గుండీలు తెచ్చిన పూట పుష్పవల్లి కూర అమృతంలా కుదిరింది. అయినా ఉప్పెక్కువైందన్నాడు.