రోడ్డు మీద ఉలవలు

ఎత్తు ఎక్కేటప్పుడు సైకిలు తొక్కేవాడికి కోపం రాకూడదంటారు, ఊపిరి చెదురుతుందట. నా సంగతి వేరు. నాకు కోపం వస్తేనే సైకిలు కొండెక్కుతుంది. సీతంపేట కనుమలో మలుపు మలుపుకీ ఎవరో ఒకర్ని తలుచుకుని తిట్టుకుంటూ ఎక్కుతాను. రథసప్తమి వెళ్లాక వచ్చిన ఆ ఆదివారం తర్వాత తిట్టుకోడానికి మనుషులకు కొదవ లేకుండా పోయింది.

రాజాంలో నాకో ఇనపసామాన్ల కొట్టు ఉంది. వారమంతా మేకులు, బోల్టులు, తలుపు బందులు. శనివారం కొట్టు తమ్ముడికి అప్పజెప్పి, గేర్ల సైకిలు తీసి, పాలకొండ మీదుగా కనుమ ఎక్కి దిగి, పొద్దు గూకేలోగా కొత్తూరులో మేనత్త ఇంటికి చేరతాను. అక్కడ పడుకుని, తెల్లారి భామిని దాటి ఒడిశా సరిహద్దు కొండల్లో తిరిగి వస్తాను. "ఆ సైకిలుకి ఎట్టిన డబ్బుతో గేదెను కొనుంటే పాలన్నా ఇచ్చును. మోకాలి సిప్పలు అరగడం తప్ప దీంతో ఏటి లాబం?" అంటుంది మా ఆవిడ. నేను గొలుసుకి నూనె రాసుకుని బయల్దేరతాను.

భామిని దాటాక పెద్దరోడ్డు వదిలి కొండల్లోకి తిరిగే దారి ఒకటుంది. ఒక మలుపు ఆంధ్రా, ఇంకో మలుపు ఒడిశా. ఏ రాష్ట్రంలో ఉందో తేల్చుకోలేక నా ఫోను పదే పదే స్వాగతం చెబుతుంది. ఇటు తారు వచ్చి ఒకచోట ఆగిపోతుంది, అటు సిమెంటు వచ్చి ఇంకోచోట ఆగిపోతుంది. మధ్యలో ఉన్న కల్వర్టు ఎవరిదీ కాదు. వానలకు అది కుంగిపోతే ఇటు ఆఫీసు అటు చూపించింది, అటు ఆఫీసు ఇటు చూపించింది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అనలేదు పెద్దలు. జనమే రాళ్లు పోసుకుంటే ఆటోలు, జీపులు ఎలాగో దాటుతున్నాయి గాని, బస్సు మాత్రం రావడం మానేసింది, ట్రాక్టరు ఎప్పుడో ఒకటి.

బస్సు మానేస్తే రాకపోకలకే ఇబ్బంది అనుకుంటాం. ఆ కల్వర్టు దాటాక వచ్చే ఊళ్లో నూర్పు కూడా ఆగిపోయింది. ఉలవలు చేతికొచ్చే కాలానికి అక్కడ రోడ్డే కళ్లం. ఎండిన మొక్కల్ని తెచ్చి రోడ్డంతా పరుస్తారు. బస్సులు, ట్రాక్టర్లు వాటి మీంచి పోతుంటే కాయలు పగిలి గింజలు కిందికి రాలతాయి. మధ్యమధ్యలో కర్రతో తిరగేస్తారు. సాయంత్రానికి పొట్టు పశువులకు, గింజలు ఇంటికి. దీనికొక మర్యాద ఉంది. చక్రం ఉన్నవాడు ఎవడైనా పంట మీంచే పోవాలి. పక్కనుంచి తప్పుకుపోతే, పెట్టిన విస్తరి ముందునుంచి లేచిపోయినట్టే లెక్క. గేర్ల సైకిలుతో మీంచి పోతే తీగలు వెనక పళ్లచక్రాలకు చుట్టుకుని పీక్కోడానికి అరగంట పడుతుంది. అయినా నేను మీంచే పోతాను.

ఆ ఊరి మొదట్లో, రోడ్డు పక్కనే ఒక మామ్మ ఇల్లు. ఇల్లు ఆంధ్రాలో, కొండవారన చేను ఒడిశాలో. కొడుకు గుణుపురంలో తాపీపని చేస్తాడు. ఎడ్లు ఎప్పుడో అమ్మేశారు. మొదటిసారి నేను ఆవిడ ఉలవల మీంచి పోయి, చుట్టుకున్న తీగలు పీక్కుంటూ అరుగు మీద కూలబడ్డప్పుడు పెద్ద గ్లాసుతో రాగుల చోడంబలి తెచ్చి ఇచ్చింది. అప్పట్నుంచి ఆవిడకు నేను సైకిలు బావుని, అంటే సైకిలు బాబుని.

పుష్యమాసంలో వెళ్లేసరికి ఆవిడ పంటంతా పెరట్లో కుప్పపోసి ఉంది. ఆటోల బరువుకు కాయలు పగలడం లేదట. కర్రతో కొట్టడానికి ఆవిడ భుజం లేవడం లేదు. ఆ కుప్పలోనే తిండీ ఉంది, వచ్చే ఏటి విత్తనమూ ఉంది. ఆ ఉలవ వాళ్ల అత్తగారి నాటిదట. నల్లమచ్చల చిన్న గింజ, వానలు మొండికేసినా మొలుస్తుంది. బజార్లో దొరకదు. ఏటేటా నూర్చినదాంట్లోంచే ఏరి, బూడిద కలిపి కుండలో పోసి మూతి కడుతుంది. ఈ పంటకే కుండలో ఉన్నదంతా చేలో చల్లేసింది, కాబట్టి ఇప్పుడు ఉన్నదల్లా ఆ కుప్పే.

ఆ మాటల్లోనే నేను సైకిళ్ల సంగతి చెప్పాను. నగరంలో ఒక సైకిలు బృందం ఉంది. నేను ఫోనులో గీసిపెట్టిన దారి చూసి వాళ్ల పెద్దమనిషి నాకు ఫోను చేశాడు. రథసప్తమి వెళ్లాక ఆదివారం అందరూ వస్తారు, మీరే ముందుండి దారి చూపాలి అన్నాడు. వందకు పైగా సైకిళ్లు మీ వీధిలోంచి పోతాయి మామ్మా అని చెప్పాను.

మామ్మ కళ్లు చిట్లించింది. "వంద సైకిళ్లంటే ఎన్ని సక్రాలు?"

"రెండొందలు."

"రెండొందల సక్రాలు ఒకేపాలి వస్తాయేటి? ఒక్కొక్కటీ బస్సంత బరువు లేకపోయినా, అన్నీ కలిస్తే ఉంటాదిలే."

పరాచికం ఆడుతోందనుకుని నవ్వాను. ఆవిడా నవ్వింది.

ఆ ఆదివారం భామిని దగ్గర అందరం కలిశాం. మెరిసే బట్టలు, ఛాతీల మీద నంబర్లు, నల్లద్దాలు. ఒక జీపు చీపుళ్లతో, నలుగురు కుర్రాళ్లతో ముందే వెళ్లిందని పెద్దమనిషి చెప్పాడు. దారిలో గాజుపెంకులు ఉంటే ఏరేస్తారు కాబోలు అనుకున్నాను. కొండ మలుపులన్నీ ఎక్కి ఆ ఊరి మొదటికి చేరేసరికి రోడ్డు తుడిచిన అద్దంలా ఉంది. పక్కన కాలువలో మామ్మ, ఇద్దరు పొరుగాడవాళ్లు మోకాళ్ల లోతు నీళ్లలో గంపలతో దేవుతున్నారు.

జరిగింది పొరుగావిడ చెప్పింది. మామ్మ చీకటితోనే లేచి, ఊళ్లోవాళ్ల సాయంతో పంటంతా రోడ్డు మీద పరిచింది. సైకిళ్లొచ్చేలోగా గింజ కాస్త వదులవుతుందని ఒడిశా నుంచి వచ్చే ఇటుకల ట్రాక్టరుని ఆపి, బతిమాలి, పంట మీద నాలుగు తిప్పులు తిప్పించింది. గింజలు బాగా రాలాయి. మిగతాది సైకిళ్లు చూసుకుంటాయని అరుగు మీద కూచుంది. జీపు వచ్చింది. కుర్రాళ్లు దిగారు. ఆవిడ అడ్డం పడేలోగా మొక్కలూ గింజలూ కలిపి చీపుళ్లతో కాలువలోకి నెట్టేశారు. "ఆల్ది తెలుగే, మాది తెలుగే," అంది పొరుగావిడ. "ఏటి సెప్పినా సెవికెక్కనేదు."

నా ఒళ్లు మండిపోయింది. సైకిలు రోడ్డుకి అడ్డంగా పడేసి, వెనకనుంచి వచ్చిన పెద్దమనిషిని ఆపాను. ఎవరు తోయమన్నారు అని అడిగాను. ఆయన చాలా మెత్తగా మాట్లాడాడు. అదే నాకు మరీ ఒళ్లు మండించింది.

"సేఫ్టీ అండీ. రోడ్డు మీద చెత్త ఉంటే ఎవరైనా జారిపడతారు కదా."

"చెత్త కాదు, పంట."

"పంటైతే పొలంలో ఉండాలి కదండీ."

మా కొట్టుకి తుప్పు బోల్టు అరువడగడానికి వచ్చిన వాణ్ణి కూడా అన్ని మాటలు అని ఉండను. కల్వర్టు కట్టని వాళ్లను, బస్సు మాన్పించిన వాళ్లను, నల్లద్దాల వాళ్లను అందరినీ కలిపి ఆయన మీద దులిపేశాను. వెయ్యేళ్లు నడిచినా ఈ దారి నీకు తెలీదు, ఫోనులో గీత తెలుసంతే అన్నాను. ఆయన తల పంకించి వాచీ చూసుకున్నాడు. తిరిగొచ్చాక మాట్లాడదాం అన్నాడు. మనుషులు ఆగుతారేమోనని చూశాను. పడేసిన నా సైకిలుని ఒకడు జాగ్రత్తగా ఎత్తి గోడకు ఆనించాడు. ఆ తర్వాత అందరూ వెళ్లిపోయారు.

మామ్మ గంప పట్టుకుని గట్టు మీద నిలబడి చూస్తోంది. చక్రాలు ఒకదాని వెనకొకటి ఖాళీ రోడ్డు మీద జర్రున పోతున్నాయి.

"సూడు బావూ," అంది. "అన్నీ వచ్చాయి. ఒక్కటీ నా పంట మీద పడనేదు."

నేను వాళ్లతో ముందుకు పోలేదు. నంబరు చింపేసి కాలువలోకి దిగాను. మొక్కల కింద చేటలు పెట్టి, బురదలోంచి గింజలు దేవాం. సగం కొట్టుకుపోయింది. దొరికిన సగమూ పొద్దెక్కేసరికి ఉబ్బిపోయింది. మామ్మ ఒక గింజను వేళ్ల మధ్య నొక్కి చూసింది. తోలు జారిపోయింది.

"ఎండేస్తే?" అన్నాను.

"నీరు పట్టిన గింజ ఇత్తనానికి పనికిరాదు. రేపటికి పుల్లబడిపోతాది." ఆవిడ గింజను గంపలో పడేసింది. "ఒండీడమే."

పెద్ద డేగిసాతో పొయ్యి మీద పెట్టేశారు. ఆ సమయానికే బృందం తిరిగొచ్చింది. వాళ్ల భోజనాల వ్యాను ఆ కల్వర్టు రాళ్ల మీద ఇరుక్కుపోయి రాలేదు. అందరూ మామ్మ ఇంటి ముందు నీడలో మొహాలు వేలాడేసుకుని కూలబడ్డారు. నాకు లోపల్లోపల సంతోషమేసింది, మాడండి అనుకున్నాను. మామ్మ మాత్రం పొరుగావిడను ఆకులు కుట్టమంది.

"ఈళ్లకా పెడతావు?" అన్నాను. నిజంగానే అరిచాను.

"ఆకలేసి గుమ్మంలో కూకున్నోల్లని సూస్తా ఊరుకుంటామేటి? ఎలాగూ నిలవుండవు. నీ కోపం నీ కాడెట్టుకో. ఈ డేగిసా దింపు ముందు."

దింపాను. ఉప్పు, ఎండుమిరపకాయ, ఇన్ని ఉల్లిపాయ ముక్కలు వేసి, దొన్నెల్లో ఉలవ గుగ్గిళ్లు ఆవిడే వడ్డించింది. తిన్నారు. ఫోటోలు తీసుకున్నారు. ఇదీ అసలైన తిండి అని ఒకడు, దీనిలో ఉన్న బలం దేంట్లోనూ లేదని ఇంకొకడు. కాలువ సంగతి ఎవరికీ గుర్తు లేదు. గరిటె నా చేతిలో ఉంది. దాంతో ఎవణ్ణో ఒకణ్ణి కొట్టాలని ఎంత అనిపించిందో చెప్పలేను. ఒక్క గింజ నా నోటికి పోలేదు.

పెద్దమనిషి దొన్నె ఖాళీ చేసి మామ్మ దగ్గరికి వచ్చాడు. ఇలాంటి రుచి జన్మలో ఎరగనన్నాడు. ఇంకొంచెం ఉన్నాయా అని అడిగాడు.

మామ్మ డేగిసా అడుగు గీకి, మిగిలిన పిడికెడూ ఆయన దొన్నెలో పోసింది.

"ఇవే ఆకరు బావూ. వచ్చే ఏడు సల్లుకోడానికున్నవీ ఇవే."

ఆయన నోటినిండా నములుతూ, చాలా బాగున్నాయన్నట్టు బొటనవేలు పైకెత్తి చూపించాడు.