ముఖం ఇటు తిప్పి

మా బాబాయి మూకీల రోజుల నుంచీ సినిమా కథలు రాసేవాడు. అప్పట్లో బొమ్మకీ బొమ్మకీ మధ్య తెర మీద అక్షరాలు పడేవి. ఆ నాలుగు ముక్కలూ ఆయనవే. హాల్లో అందరికన్నా ముందు వాటిని చదివేసేది ఆయన ఒక్కగానొక్క కూతురు, మా అక్క. చిన్నప్పుడు జ్వరమొచ్చి అక్క చెవులు పోయాయి, మాట మాత్రం మిగిలింది. ఎదుటివాళ్ల పెదవులు చూసి అంతా పట్టేసేది.

తెర మీద కథానాయకుడు మోకాళ్ల మీద కూర్చుని నాయిక చేయి పట్టుకుంటే, 'నువ్వు లేని బతుకు నాకొద్దు' అని బాబాయి అక్షరాలు పడేవి. అక్క పకపకా నవ్వేది. "నాన్నా, వాడు ఆకలేస్తోందంటున్నాడు!" తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలియదు కదా, హాలంతా తిరిగి చూసేది.

తర్వాత టాకీలొచ్చాయి. ఊరంతా సంబరపడిపోయింది. బాబాయికీ చేతినిండా పనే. తను మాటలు రాసిన మొదటి సినిమాకి కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. సగం కాకముందే అక్క ఆయన చొక్కా లాగి, "అక్షరాలేవి నాన్నా?" అంది.

అప్పటి నుంచి రాసే ప్రతి మాట పక్కనా 'ముఖం ఇటు తిప్పి' అని రాయడం మొదలుపెట్టాడు. ఇల్లు కాలిపోతున్నా సరే, ఆయన మనుషులు కెమెరా వైపు తిరిగే మాట్లాడాలి. నాటకాల పిచ్చి ఇంకా వదల్లేదని సెట్లో వేళాకోళం చేసేవారు. ఎందుకని అడిగితే, అలాగే బాగుంటుందనేవాడు తప్ప కూతురి ఊసెత్తేవాడు కాదు. అక్క మీద ఎవరైనా జాలి పడితే ఆయన తట్టుకోలేడు. నాకైతే ఒళ్లు మండేది. ఒక్క మాట చెబితే ఏం పోయింది?

కొత్త దర్శకులొచ్చారు. వాళ్లకు కిటికీ వైపు తిరిగి ఏడ్చే నాయికలు కావాలి. బాబాయికి పనులు ఒక్కొక్కటే జారిపోయాయి. చివరికి పాత పరిచయం మీద ఒక సినిమా దొరికింది. అందులో మంచాన పడ్డ తల్లి కూతురితో అనే మాట ఒకటుంది. అది ఆయన ఎన్నేళ్లుగానో అక్కతో అనబోయి మింగేసిన మాట. తెర మీద ఎవరో అంటే అక్క చూసుకుంటుందనుకున్నాడు. ఈ ఒక్కటైనా ముఖం ఇటు తిప్పి చెప్పించమని దర్శకుణ్ని బతిమాలాడు. అతను సరేనన్నాడు.

సినిమాకి ముగ్గురం వెళ్లాం. ఆ ఘట్టం వచ్చింది. తల్లి గోడ వైపు తిరిగి పడుకుంది. తెర నిండా ఆవిడ వీపే. "నేను పోయాక నీతో ఎవరు మాట్లాడతారే?" అని గొంతు మాత్రం వినిపించింది. హాల్లో జనం ముక్కులు చీదుకున్నారు.

"ఏమంది నాన్నా?" అంది అక్క.

బాబాయి ఆమె వైపు తిరిగి ఆ మాటే చెప్పాడు. నేను విన్నాను. చీకట్లో ఆయన పెదవులు అక్కకు కనబడలేదు. "లైట్లు వేశాక చెబుదువుగానిలే" అంది.

లైట్లు వేశారు. అక్క ఆయన గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. బాబాయి నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.

"ఆకలేస్తోందందమ్మా" అన్నాడు.

అక్క పకపకా నవ్వింది. బయటికి పోతున్న జనం ఆగి తిరిగి చూశారు.