ధనమ్మ పెద్దమ్మ సరిహద్దు చెట్టు

మీరు మా ధనమ్మ పెద్దమ్మను ఒక్కసారైనా కలవాలండీ. తప్పదు. కాశీబుగ్గలో వజ్రపుకొత్తూరు వైపు ఆటో ఎక్కి మా ఊళ్లో దిగితే చాలు, ఆవిడ ఇల్లు ఎవరైనా చూపిస్తారు. అరవై రెండేళ్లు. ఎవరి పెళ్లి ఏ వారం జరిగింది, ఎవరి ఆవు ఎప్పుడు ఈనింది, అన్నీ నోటికే. పిల్లల పుట్టినరోజు మర్చిపోయిన తల్లులు కూడా ఆవిడనే అడుగుతారు!

తిత్లీ తుఫాను గురించయితే ఇక చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరులో ఆ గాలికి మా ఉద్దానంలో కొబ్బరి తోటలకు తోటలే పడుకున్నాయి. పెద్దమ్మ తోటలో అరవై నాలుగు చెట్లకు మూడు నిలబడ్డాయి. అన్నిటికంటే ఆవిడ గుండె కోసేసింది పడమటి సరిహద్దు చెట్టు. పెళ్లయిన ఏడాది భర్త కూర్మనాథం పాతిన చెట్టది. ఆయన పోయి అప్పటికి రెండేళ్లు.

ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా ఒక్క ముక్క మారదు. "గాలి తగ్గినాక ఎల్లి సూత్తే మీ పెదనాన్న సెట్టు పడిపోనాది. వాటేసుకుని కూకున్నాను. బొండాలు మోకాలికి తగల్తన్నాయి. సెప్పులు నేవు. కుడికాల్లో ముల్లు దిగిందని కూడా తెల్దు నాకు."

ఈ వేసవిలో గొడవ అక్కడే మొదలైంది. పడమటి పక్క తోట ఢిల్లీరావుది. కూర్మనాథం చిన్నాన్న కొడుకు, పెద్దమ్మకు మరిది వరస. రెండు తోటలకీ సర్వే నంబరు ఒకటే, పెద్దలు నోటిమాటగా పంచుకున్నారు. గుర్తు ఆ చెట్టే. తుఫాను తర్వాత మిషన్లు మోడులు తీసి, గట్టు కూడా చదును చేసేశాయి. ఆ ఏడాది ఢిల్లీరావు గుజరాత్‌లో పనిలో ఉన్నాడు. వాళ్ల నాన్న ఇప్పుడు లేడు.

తుఫాను మరుసటేడు పెద్దమ్మ పడమటి కొసన ఎనిమిది కొబ్బరి మొక్కలు వరసగా వేసింది. మూడు వేసవులు నెత్తిన నీళ్లు మోసింది. ఈ ఏడే తొలి గెలలు వేశాయి. అప్పుడు ఢిల్లీరావు నసిగాడు, "ఒదినా, ఆ వరస మా నాన్న వాటాలోదేమోనని..."

గ్రామ సర్వేయర్ ప్రమోదిని వచ్చింది. "అమ్మా, సరిహద్దు చెట్టు ఎక్కడుండేది?"

పెద్దమ్మ తడుముకోలేదు. ఎనిమిది మొక్కలూ దాటి అవతల నిలబడింది. "ఇక్కడ. ఇక్కడే వాటేసుకుని కూకున్నాను."

ఢిల్లీరావు చేతులెత్తేశాడు. "ఇంకేటుంది మేడమ్! మా ఒదిన సెప్పిందంటే పటం గీసినట్టే. నా పెల్లినాడు నాను ఎన్ని గారెలు తిన్నానో ఇప్పటికీ సెప్తాది."

"పదకొండు," అంది పెద్దమ్మ. అందరూ నవ్వారు.

ప్రమోదిని సున్నంతో గుర్తు వేసి, రేపు పదింటికి రాయి పాతిస్తానని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం కోడలు యామిని దగ్గర పెద్దమ్మ మళ్లీ అదే కథ ఎత్తుకుంది. బొండాల దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"యామినీ, బొండాలు సెట్టుకి ఎక్కడుంతాయే?"

"ఇదేటత్తా, తలకాడ కదా."

"మరి నాను కూకున్నది..."

అర్థమైందా? గాలి తూర్పున సముద్రం మీంచి కొట్టింది. చెట్టు పడమటికి పడింది. ఆవిడ వాటేసుకున్నది చెట్టు తలని! మొదలు నలభై అడుగుల అవతల, తూర్పున ఉండిపోయింది. టెక్కలిలో డిగ్రీ చదివేటప్పుడు మా మేడమ్ ఒకటి చెప్పారు: గట్టి దుఃఖం కొన్నిటిని మనసులో అచ్చు గుద్దేస్తుంది, వాటి పక్కనున్నవి జారిపోతాయి. బొండాలూ ముల్లూ మిగిలాయి, మొదలు జారిపోయింది. ఆ కథ ఏడేళ్లుగా ఊరంతా విన్నాం. నేనూ విన్నాను. ఒక్కరికీ తట్టలేదు.

"ఊరుకో అత్తా, అందరూ ఒప్పేసుకున్నారు," అంది యామిని.

"ఆల్లు ఒప్పుకున్నారు. నాను ఒప్పుకోవాల కదా."

పొద్దు పొడవగానే గునపం, పార పట్టుకుని బయల్దేరింది. వెనకాలే యామిని. "అత్తా, మోడు మిషను తీసీసింది. ఏటి ఎతుకుతావు?"

"మిషను మోడు తీస్తాది. అడుగున రాయి తియ్యదు."

ఆ రాయి సంగతి మొగుడూ పెళ్లాలకే తెలుసు. కొత్త కోడలిగా పెద్దమ్మ అత్తగారి తిరగలి పగలగొట్టేసింది. అత్త కంట పడకుండా కూర్మనాథం ఆ సగం రాయిని చెట్టు గోతిలో అడుగున పెట్టి పైన మొక్క పాతేశాడు.

ముందు సున్నం గుర్తు దగ్గరే తవ్వింది. తొడ లోతు తవ్వినా తెల్లటి ఇసకే. ఒక్క వేరు పోగు లేదు. అక్కణ్ణుంచి తూర్పుకి తిరిగి, చెట్టు పొడుగు లెక్కన ఇరవై అంగలు వేస్తూ తన మొక్కల వరస దాటింది. తవ్వింది. ఏమీ లేదు. చేతులు బొబ్బలెక్కాయి. యామిని పార అందుకోబోతే ఇవ్వలేదు. మూరెడు పక్కకి జరిగి మళ్లీ తవ్వింది. కుళ్లిన నల్లటి వేళ్లు వచ్చాయి. ఆ కింద గునపం ఖంగుమంది.

తిరగలి సగం.

ఎనిమిది మొక్కలూ ఆ రాయికి అవతలే ఉన్నాయి. ఢిల్లీరావు వైపు.

యామిని అటూ ఇటూ చూసింది. "అత్తా, ఎవులూ నేరు. గొయ్యి కప్పీనా?"

పెద్దమ్మ ఆ గెలల వైపు చాలాసేపు చూసిందట. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఢిల్లీకి ఫోన్ సెయ్."

ఢిల్లీరావు వచ్చి గోతిలోకి తొంగిచూశాడు. సంగతంతా విని నెత్తి గోక్కున్నాడు. "కప్పీ ఒదినా. నానేటీ సూణ్ణేదు."

"నువ్వు సూడకపోతే నాను సూణ్ణేదా?"

"నెత్తిన నీల్లు మోసినావు కదా!"

"మోసినాను. అది మాత్రం సరిగ్గానే గుర్తుంది," అని సున్నం గుర్తుని కాలితో చెరిపేసింది.

పదింటికి ప్రమోదిని వచ్చి తిరగలి పక్కనే సరిహద్దు రాయి పాతించింది. తొలి గెల వదినకే పంపుతానన్నాడు ఢిల్లీరావు. "ఇత్తే పుచ్చుకుంతాను. నాదని కొయ్యను," అంది పెద్దమ్మ.

ఇప్పటికీ ఆ కథ చెబుతూనే ఉంటుంది. ఒక్క మాటే కొత్తగా కలిసింది: "నాను కూకున్నది తలకాడ."

నాకైతే ఆ పొద్దున్న సంగతి మనసులోంచి పోవట్లేదు. ఆవిడ స్థానంలో మీరున్నారనుకోండి. ఊరంతా మీ మాటే నమ్మింది. సర్వేయర్ రావడానికి ఇంకా రెండు గంటలుంది. పార చేతిలోనే ఉంది, పక్కన మీ మొక్కలు తొలి గెలలతో ఉన్నాయి. మీరైతే ఆ గొయ్యిని ఏం చేసేవారు?