నిండుకుంది

జగ్గయ్యపేటలో మా నాన్న కిరాణా కొట్టులో "లేదు" అన్న మాట పలకకూడదు. కందిపప్పు అయిపోతే "నిండుకుందండి" అనాలి. అన్నామంటే డబ్బా అడుగు కనిపిస్తోందని కొనేవాళ్ళకీ తెలుసు. అక్కాచెల్లెళ్ళం ఇద్దరం ఆ గల్లాపెట్టె పక్కనే పెరిగాం. అక్క నందిగామ కోడలైంది. కొట్టూ, బేరాలాడే జబ్బూ నాకు మిగిలాయి.

అక్కకి అసలు జబ్బే వచ్చింది, రక్తానిది. మూలుగ చెడిందనీ, నా రక్తంలోంచి మూలకణాలు తీసి ఆమెకి ఎక్కించాలనీ విజయవాడ డాక్టరు గారు చెప్పారు. ముందు కొన్ని రోజులు ఇంజెక్షన్లిచ్చి, ఎముకల్లో ఉండే ఆ కణాల్ని రక్తంలోకి రప్పిస్తారట. తీసేటప్పుడు రెండు చేతులకీ సూదులు పెడతారంటే, ఒక చేత్తో సరిపెట్టలేరా అని అడిగాను. ఒక చేతి నుంచి వచ్చిన రక్తంలో కావలసింది సంచిలో ఉంచుకుని, మిగతాది మిషన్ రెండో చేతికి పంపించేస్తుందన్నారు. అక్కర్లేని సరుకు అప్పటికప్పుడు తిరిగిచ్చే కొట్టు నేనెక్కడా చూళ్ళేదు. ఇంక బేరమాడలేదు.

తీసే రోజున, ఆ ఇంజెక్షన్లకి నడుం సలుపుతుండగా దాదాపు పగలంతా కదలకుండా పడుకున్నాను. ముక్కు దురద పెడితే నర్సమ్మాయిని బతిమాలుకోవడమే. అప్పటికే గట్టి మందులిచ్చి అక్క మూలుగని ఖాళీ చేసేశారు. నా కణాలు చాలకపోతే ఆమె గతేమిటన్నదే ఆలోచన.

సాయంత్రం పరీక్ష చేసి, సరిపోతాయన్నారు డాక్టరు గారు. నర్సమ్మాయి సంతోషం పట్టలేక నాకంటే ముందే అక్కకి ఫోన్ చేసేసింది.

నేను వెళ్ళేసరికి అక్క, ఎవర్నీ లోపలికి రానివ్వని గదిలో, అద్దం వెనక గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నేను ఫోన్ చేస్తే ఎత్తి, "పోనీలేవే, నీ తప్పేముంది" అంది.

ఏమైందక్కా అంటే, "సంచి నిండుకుందటగా. ఆ అమ్మాయి చెప్పింది."

ఫోన్లో ఆ మాట వినపడి, నా పక్కనే ఉన్న నర్సమ్మాయి తెల్లబోయింది. ఆ మాట ఇంట్లో ఎప్పుడూ విననట్టుంది. నిండిందనే కదండీ అర్థం, అంది.

"అక్కా, అది మన కొట్టు భాష కాదే. నిండింది. నిజంగానే నిండింది."

అక్క మెల్లగా ఇటు తిరిగింది.

"కొసరు వేశావా?"

వేశానన్నాను. నా తూకం మీద నమ్మకం లేదు కాబోలు, డాక్టరు గారిని అడిగి కనుక్కుని రమ్మని నర్సమ్మాయిని పంపింది.