అమ్మ ఎత్తుకున్న పాట

పామర్రుకు దగ్గర్లో ఉన్న మా పల్లెలో చర్చికి హార్మోనియం ఉండేది కాదు. ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవాలి. ఎత్తుకునేది మా అమ్మ, డోలక్ వాయించేది మా నాన్న. అమ్మ ఎత్తిన శ్రుతి ముసలివాళ్ళ దగ్గర్నుంచి పిల్లల దాకా అందరికీ సరిపోయేది. మా అమ్మ కాబట్టి గొప్పలు చెబుతున్నాననుకుంటారేమో. గొప్పగానే చెబుతున్నాను.

డెబ్బైల్లో ఒక వానాకాలం నాన్నకి కామెర్లు వచ్చాయి. బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు గానీ బతకలేదు.

ఆ తర్వాత అమ్మ చర్చికి వచ్చేది, నోరు మాత్రం విప్పేది కాదు. నాయనమ్మ ఆమెను వెనక చాప మీద కూర్చోబెట్టేది. "మొగుడు పోయిన మనిషి పాట ఎత్తితే శుభమా?" అనేది. తాతల కాలంలోనే మతం మారాం గానీ మా శకునాలు మారలేదు. పిల్లి ఎదురొస్తే చేతిలో బైబిలుతో ఇంట్లోకి తిరిగొచ్చి, మంచినీళ్ళు తాగి మళ్ళీ ఆరాధనకు బయల్దేరే మనుషులం!

అమ్మ ఎదురు చెప్పలేదు. పొయ్యి దగ్గరా, నాట్లలో కూడా పాడటం మానేసింది. తిండి తగ్గించేసింది. నాన్న ఎలాగూ రాడు, అమ్మ కూడా కొంచెం కొంచెంగా పోతోందని నాకు భయం వేసేది.

ఈస్టరు వచ్చింది. ఆ రోజు మేం తెల్లవారకముందే సమాధుల దొడ్డికి వెళ్తాం. సున్నం కొట్టిన సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి అక్కడే ఆరాధన చేస్తాం. ఆ ఏడు సంఘపెద్దగారు పాట ఎత్తుకున్నారు. ఎంత పైకి ఎత్తుకున్నారంటే, పల్లవి దాటకుండానే మగవాళ్ళు ఆగిపోయారు, ఆడవాళ్ళ గొంతులు కీచుమన్నాయి, ఆయనకే దగ్గుతెర వచ్చింది. పిల్లలం నవ్వాపుకోలేక చచ్చాం.

అమ్మ లేచి నిలబడింది. నాయనమ్మ కొంగు పట్టుకుని లాగింది.

"కూర్చోవే, పండగ పూట నువ్వు ఎత్తకూడదు."

"అత్తమ్మా, ఈ పొద్దున యేసయ్య సమాధి దగ్గరికి ముందు వెళ్ళిందెవరు? ఏడ్చి ఏడ్చి ఉన్న ఆడవాళ్ళే కదా! ఆయన లేచాడన్న కబురు ముందు విన్నది వాళ్ళే. వాళ్ళు నోరు మూసుకుని కూర్చునుంటే మనకెవరు చెప్పేవాళ్ళు?" అంది అమ్మ.

సంఘపెద్దగారు దగ్గుతూనే, "పాడమ్మా, పాడు" అన్నారు.

అమ్మ శ్రుతి దించి ఎత్తుకుంది. మొదటి మాటకి గొంతు వణికింది, తర్వాత నిలబడింది. జనమంతా అందుకున్నారు. నాకు ఏడుపూ సంతోషమూ కలిసే వచ్చాయి. మా అమ్మ నాకు దక్కిందని అప్పుడే తెలిసిపోయింది.

నాయనమ్మ మాత్రం అమ్మ కొంగు వదల్లేదు. దాన్ని పట్టుకునే మెల్లగా లేచింది. ఎదురుగా కొడుకు సమాధి ఉంది. కళ్ళు తుడుచుకుని, "ఇంకాస్త గట్టిగా పాడవే, వాడికి వినపడాల" అంది.